ఎరుపూ పచ్చా: ఒకే ఆటకు రెండు పెట్టెలు

జపాను దేశమున 1996 ఫిబ్రవరి 27వ తేదీన ఒక వీడియో ఆట అంగళ్లకు వచ్చినది. దాని పేరు ‘పాకెట్ మాన్‌స్టర్స్’. టెలివిజను పుణ్యమా అని మన పిల్లలు సయితము ‘పోకెమాన్’ అని పిలుచుచున్నది ఈ ఆటనే. అంగడిలో అది ఒక పెట్టెగా గాక రెండు పెట్టెలుగా కనిపించినది. ఒకటి ఎరుపు, రెండవది పచ్చ. రెంటి కథ ఒకటే. ఊళ్లు, దారులు, గుహలు, పోటీలు అన్నియు ఒకటే. వెల కూడ ఒకటే, 3,900 యెన్‌లు. మరి భేదమెక్కడ? ఆ ఆటలో పట్టి కూర్చవలసిన వింతజీవులు మొత్తము 150. వానిలో 11 రకములు ఎరుపు పెట్టెలోని ఆటలో మాత్రమే తిరుగుచుండును. మరి 11 రకములు పచ్చ పెట్టెలోని ఆటలో మాత్రమే తిరుగుచుండును. కొడవళ్లవంటి చేతులుగల ‘స్ట్రైక్’ అను కీటకము కావలెనన్న ఎరుపు కొనవలెను. కొమ్ములతో పట్టి నలిపివేయు ‘కైరోస్’ కావలెనన్న పచ్చ కొనవలెను. లేదా ఎదుటి రంగు కొన్న వానితో స్నేహము చేయవలెను.

ఇంట పిల్లలున్న శ్రోతలు ఇది వినగానే ఒక మాట అనుకొందురు. ఒకే సరుకును రెండుసార్లు అమ్ముకొనుటకు పన్నిన పన్నాగమే గదా ఇది అని. ఆ అనుమానమును మేము కొట్టివేయబోవుట లేదు. గ్రామఫోను రికార్డునకు రెండు ముఖములున్నను ఏ కంపెనీయు వానిని వేరుచేసి రెండు వెలలు పుచ్చుకొనలేదు. అయినను ఈ ఆట పుట్టిన తీరు తెలిసికొన్న తరువాతనే తీర్పు చెప్పుట న్యాయమని మాకు తోచుచున్నది. ఏలననగా, ఈ రెండు పెట్టెల ఆలోచనకు మూలము లెక్కల పుస్తకములో లేదు. పురుగులను పట్టి తిరిగిన ఒక పిల్లవాని బాల్యములో ఉన్నది.

ఆ పిల్లవాడు సతోషి తజిరి. 1965లో జన్మించి, టోక్యో మహానగరపు అంచున ఉన్న మాచిదా అను ఊరిలో పెరిగినాడు. అప్పటి మాచిదాలో ఇంకను వరిమళ్లు, చెరువులు, చెట్లతోపులు ఉండెడివి. జపాను పిల్లలకు వేసవి వచ్చినదనిన పురుగుల వేట. వారు ప్రాణముగా చూచుకొను ‘కబుతోముషి’ మన కోనసీమ కొబ్బరిరైతులు మొవ్వులో నుండి ఇనుపచువ్వతో లాగి చంపు కొమ్ముపురుగునకు దగ్గరి చుట్టము. ఒక దేశమున శత్రువైనది మరియొక దేశమున పెంపుడు నేస్తము! తక్కిన పిల్లలు చెట్టు బెరడుకు తేనె పూసి పురుగుల కొరకు ఎదురుచూచుచుండగా, తజిరి చెట్టు మొదట ఒక రాయి పెట్టి పోయెడివాడట. పగటివేళ ఆ పురుగులు రాతిక్రిందికి దూరి నిద్రించును. తెల్లవారి వచ్చి రాయి ఎత్తినచో చాలును. పట్టిన వానిని తోటివారికి చూపుట, ఒకరి పురుగును మరియొకరి పురుగుతో మార్చుకొనుట, ఇదియే ఆ వేటలోని అసలు ఆనందము.

అతడు పెద్దవాడగునప్పటికి మాచిదా రూపు మారినది. మళ్లు ఇళ్లస్థలములైనవి. చేపలు పట్టిన చెరువు ఉన్నచోట వీడియో ఆటల దుకాణము లేచినది. చెరువు పోయినదని విచారించిన బాలుడే ఆ దుకాణములో గంటలు గడపసాగినాడు. 1983లో, ఇంకను ఇరువదేండ్లు నిండకమునుపే, ఆటల కిటుకులను చేతివ్రాతతో వ్రాసి, నకళ్లు తీసి, పుటలకు పిన్నులు కొట్టి ‘గేమ్ ఫ్రీక్’ అను పత్రికను అమ్మనారంభించినాడు. దానిని చూచి ముచ్చటపడి వచ్చి చేరిన చిత్రకారుడు కెన్ సుగిమోరి. తదుపరి కాలమున ఆ వింతజీవులకు రూపమిచ్చిన చేయి ఈయనదే. ఇతరుల ఆటలను విమర్శించుటకంటె స్వయముగా ఒకటి చేసిన మేలని మిత్రులిద్దరు తలచినారు. 1989లో పత్రిక పేరే కంపెనీ పేరైనది.

ఆ 1989వ సంవత్సరముననే, ఏప్రిల్ 21వ తేదీన, నింటెండో కంపెనీ ‘గేమ్‌బాయ్’ అను చేతి యంత్రమును 12,500 యెన్‌ల వెలకు విడుదల చేసినది. తెర చిన్నది, రంగులు లేవు, నాలుగు ఛాయలు మాత్రము. గాని దాని ప్రక్కన ఒక చిన్న రంధ్రము గలదు. రెండు యంత్రములను ఒక తీగతో కలుపుటకు ఆ ఏర్పాటు. దానిని అంతవరకు ఆటగాండ్రు ఒకే పనికి వాడిరి, పోటీకి. ‘టెట్రిస్’ వంటి ఆటలో ఎదుటివానిని ఓడించుటకు. తజిరి గారికి మాత్రము ఆ తీగను చూడగానే వేరొక దృశ్యము కనబడినది. ఈ యంత్రములోని పురుగు ఒకటి తీగమీద ప్రాకుచు ఆ యంత్రములోనికి పోవుచున్నట్లు. తీగ పోటీకే గాదు, ఇచ్చిపుచ్చుకొనుటకు గూడ పనికివచ్చునని ఆ ఊహ సారాంశము. వస్తువు నిర్మించిన వారికి తోచని ప్రయోజనము వాడుకొనువానికి తోచుట విజ్ఞానచరిత్రలో క్రొత్త గాదు. అయితే ఈ సందర్భములో అది ఎంత చక్కగా కుదిరినదో గమనింపవలసి యున్నది.

ఆయనకు ఈ ఊహ గట్టిపడుటకు ఒక చిన్న అసంతృప్తియు కారణము. 1987లో వచ్చిన ‘డ్రాగన్ క్వెస్ట్’ రెండవ ఆటలో ఒక మాయటోపీ కలదు. అది దొరకుట మిక్కిలి అరుదు. తజిరి ఎంత ఆడినను ఆయనకు ఆ టోపీ చిక్కలేదు. మిత్రుడు సుగిమోరికి మాత్రము ఒకటి గాక రెండు దొరికినవి. ఒకటి అక్కరలేక పడియున్నది, ఇవ్వవలెనని మనసున్నది, గాని ఇచ్చు మార్గము లేదు. ఎవరి యంత్రములోని సంపద వారి యంత్రములోనే బందీ. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు మిత్రుల నడుమ ఇంత గోడ ఏల ఉండవలెనని ఆయన ప్రశ్న.

1990లో నింటెండోకు ఆయన సమర్పించిన ప్రణాళిక పేరు ‘క్యాప్సూల్ మాన్‌స్టర్స్’. పేరు హక్కుల చిక్కులు వచ్చి అది తరువాత మారినది. అందులోని ప్రధానాంశము మార్పిడి. ఈ మార్పిడిని గూర్చి కొంచెము నిలిచి చెప్పవలసి యున్నది, ఏలననగా దీని సూక్ష్మము గ్రహింపనిచో రెండు రంగుల మాట అర్థము కాదు. యంత్రములలోని సమాచారమునకు నకలు తీయుట అతి సులభము. ఒకని వద్దనున్న జీవిని మరియొకనికి పంపునప్పుడు ఇద్దరివద్దను ఉండునట్లు చేయుట నిర్మాతలకు కష్టమేమియు గాదు. వారు అట్లు చేయలేదు. జీవి తీగవెంట పోయినదనగా పోయినదే. ఇచ్చినవాని వద్ద దాని చోటు ఖాళీ, ఆ చోటున ఎదుటివాడు ఇచ్చినది వచ్చి చేరును. ఇవ్వనిదే పుచ్చుకొనుట లేదు. పైగా, పోయిన జీవికి దానిని మొదట పట్టినవాని పేరు, సంఖ్య విడువక అంటియుండును. అత్తవారింట అడుగుపెట్టినను ఇంటిపేరు మార్చుకొనని కోడలివలె అన్నమాట. క్రొత్త యజమానివద్ద అది త్వరగా ఎదుగును. గాని అతనికి తగినన్ని బిరుదుచిహ్నములు లేనిచో మాట వినదు. పరుల సొమ్ముతో గొప్పవాడగుటకు ఇది అడ్డుకట్ట.

ఇంతవరకు బాగుగనే యున్నది. గాని మార్పిడి జరుగవలెనన్న ఇద్దరివద్ద వేరువేరు సరుకు ఉండవలెను గదా. అందరి ఆటయు ఒకే తీరున ఉన్నచో ఎవడైనను ఓపికతో అన్నిటిని తానే పట్టుకొనును. పొరుగువానితో పనియేమి? ఉప్పు పండు ఊరివాడు ధాన్యము పండు ఊరికి బండి కట్టుట తన ఊర ధాన్యము లేకుండుటచేతనే. కనుక కొరతను కల్పింపవలసి వచ్చినది. తజిరి గారి తొలి ఆలోచన మిక్కిలి విశాలమైనది. ఆట మొదలుపెట్టిన ప్రతివానికి యంత్రము ఒక సంఖ్యను కేటాయించును. ఆ సంఖ్యను బట్టి అడవుల రూపము, తిరుగు జీవులు మారునట్లు చేసినచో ఏ ఇద్దరి ఆటయు ఒకటిగా నుండదు. వేలకొలది ప్రపంచములు!

ఈ ఆలోచన నింటెండోలోని షిగేరు మియమోతో గారి ముందుకు పోయినది. ‘మారియో’, ‘జెల్డా’ ఆటలను సృష్టించిన మహానుభావుడు ఆయన. ఈ భేదము చూడగానే తెలియదు గదా అని ఆయన ఆక్షేపణ. సంఖ్యలో దాగిన తేడాను పిల్లలు ఎట్లు కనుగొందురు? నా ఆట వేరు, నీ ఆట వేరు అని పెట్టెను చూచిన క్షణముననే తెలియవలెను. అందుకు మార్గము రంగులు మార్చుట, రంగునుబట్టి జీవులు మార్చుట. ఎన్ని రంగులన్న చర్చలో ఐదు, ఏడు అను మాటలును వచ్చి చివరకు రెండు నిలిచినవి. సంఖ్య మాత్రము పేరుకు తోడుగా ఆటలో మిగిలిపోయినది. ఆటలోని కథానాయకునికి ఇచ్చిన పేర్లలో సతోషి అనియు, అతని ప్రత్యర్థికి ఇచ్చిన పేర్లలో షిగేరు అనియు ఉన్నవి. శిష్యుడు గురువునకు చెల్లించిన దక్షిణగా దానిని భావింపవచ్చును.

మా దృష్టిలో ఈ సలహాయే మొత్తము కథకు కీలకము. వేలకొలది ప్రపంచములను రెండుకు కుదించుట పైకి లోపముగా తోచును. గాని ఎరుపు, పచ్చ అను రెండు మాటలతో పాఠశాల ఆవరణలోని పిల్లలందరును రెండు పక్షములైనారు. “నీదే రంగు?” అను ప్రశ్న పరిచయమునకు తొలిమాట అయినది. ఒకే రంగువారు ఒకరికొకరు సలహాదారులు, వేరు రంగువారు ఒకరికొకరు వర్తకులు.

నిర్మాతలు అంతటితో ఆగక, రంగు భేదము లేకున్నను ఒంటరిగా పూర్తిచేయలేని ముడులు మరికొన్ని వేసినారు. మొదట మూడు జీవులలో ఒకదానినే ఎన్నుకొనవలెను. రెండు శిలాజములలో ఒకటియే దక్కును. నాలుగు జీవులు ఎంత పెంచినను తుదిరూపము దాల్చవు, తీగ దాటి మరియొక యంత్రములోనికి పోయినప్పుడే దాల్చును. అనగా రెండు పెట్టెలును కొనగలిగిన ధనికుని కుమారునికి సయితము రెండవ యంత్రము, తీగ, ఇంకొక మనిషి అవసరము. పన్నాగమే అయినచో ఇంత శ్రమ ఎందుకు పడుదురు?

ఈ ఆట తయారగుటకు సుమారు ఆరు సంవత్సరములు పట్టినది. చేతిలో పట్టు ఒక చిన్న యంత్రపు ఆటకు ఆరేండ్లనిన ఆ కాలమున వినని మాట. నడుమ ధనము తరిగినది. ఉద్యోగులు కొందరు విడిచిపోయినారు. తజిరి గారు జీతము పుచ్చుకొనక తండ్రిమీద ఆధారపడినారు. త్సునెకజు ఇషిహర గారి ‘క్రీచర్స్’ సంస్థ చేయూతనిచ్చినది. పని పూర్తియగునప్పటికి గేమ్‌బాయ్‌కి ఏడవ ఏడు జరుగుచున్నది. ఆ యంత్రపు రోజులు చెల్లినవని పలువురు తలచుచున్న సమయము. తొలి వారములలో అమ్మకము గొప్పగా లేదు. గాని తగ్గుటకు మారు నెలనెల పెరుగుచు పోయినది. సాధారణముగా ఆటలు విడుదలైన వారమున ఎక్కువగా అమ్ముడై పిమ్మట చల్లారును. ఇది ఆ వాడుకకు విరుద్ధము. కారణము ఊహింప కష్టము గాదు. ఒక పిల్లవాడు కొన్నచో వానికి మార్పిడికి మరియొకడు కావలెను. వాడు తన మిత్రునిచేత కొనిపించును. కొన్న ప్రతివాడును ఒక ప్రచారకుడే.

ఈ ప్రవాహమునకు మరియొక ఊట తోడైనది. పని ముగియు దినములలో పరీక్షల కొరకు ఉంచిన సామగ్రిని తొలగింపగా కార్ట్రిడ్జిలో సుమారు 300 బైట్ల చోటు మిగిలినది. షిగెకి మొరిమోతో అను ఉద్యోగి ఆ చోటులో ‘మ్యూ’ అను 151వ జీవిని రహస్యముగా దాచినాడు. ఆటలో దానిని పట్టు మార్గము లేదు. పిల్లలలో వదంతి ప్రాకినది. 1996లోనే ‘కొరొకొరొ కామిక్’ అను బాలల పత్రిక, అర్జీ పెట్టుకొన్నవారిలో 20 మందికి మ్యూను ఇత్తుమని ప్రకటింపగా 78,000 అర్జీలు వచ్చిపడినవి. ఇరువదింటికి డెబ్బదెనిమిది వేలు! ఆ సంవత్సరము అక్టోబరులో అదే పత్రిక ద్వారా తపాలలో మాత్రమే దొరకునట్లు నీలిరంగు ఆట కూడ వచ్చినది. 1998 సెప్టెంబరు 28న అమెరికాలో అడుగుపెట్టినప్పుడు అక్కడ ఎరుపు, నీలము జంటయైనవి. పచ్చ జపాను దాటలేదు. లోకమంతట ఈ తొలి తరము ఆటలు మూడు కోట్లకు పైగా అమ్ముడైనవి.

ఇక వ్యాపారము మాట. రెండవ రూపము తయారుచేయుటకు అదనపు ఖర్చు అత్యల్పము. చిత్రములు, సంగీతము, కథ సర్వము ఉమ్మడియే గదా. జీవుల పట్టికలు కొంచెము మార్చి, ముఖచిత్రము మార్చి, పెట్టె వేరు చేసినచో చాలును. లాభము మాత్రము అల్పము గాదు. మరియొక సంగతి గూడ కలదు. ఆ కార్ట్రిడ్జిలో ఒక్కరి ఆటను భద్రపరచుటకే చోటు. తమ్ముడు క్రొత్తగా మొదలిడి దాచినచో అన్న నెలల శ్రమ తుడిచిపెట్టుకొని పోవును. కనుక ఇద్దరు పిల్లలున్న ఇంట రెండు కొనక తప్పదు. రెండు కొనవలసి వచ్చినప్పుడు రెండును ఒకటే యగుటకంటె వేరగుట మేలు. ఇట్లు చూచినచో ఆ ఇంటికి ఇది ఉపకారమనియే చెప్పవచ్చును. ఒక్కడే బిడ్డ ఉన్న ఇంట, ఆ బిడ్డకు స్నేహితులు తక్కువైనచోట, ఇదే ఏర్పాటు అపకారము. ఏకాకి బాలునికి ఆ పట్టిక ఎన్నటికి నిండదు. పెద్దలు ఆటవస్తువులను గూర్చి తీర్పు చెప్పునప్పుడు ఈ బాలుని మరచుట మాకు న్యాయముగా తోచదు.

జయించిన దారిన అందరు నడుతురు. 1997 నవంబరులో ‘మెడరాట్’ అను మరమనుషుల ఆట ‘కబుతో’, ‘కువగతా’ అను రెండు పెట్టెలలో వచ్చినది. ఒకటి కొమ్ముపురుగు పేరు, మరియొకటి దవడలే కొమ్ములవలె పెరిగిన పురుగు పేరు. తజిరి గారి పురుగులు తిరిగి పురుగులుగనే ప్రత్యక్షమైనవి! 2001 ఫిబ్రవరి 27న, తొలి జంట వచ్చిన ఐదేండ్లకు సరిగా అదే తేదీన, క్యాప్‌కామ్ వారు నింటెండో కొరకు ‘జెల్డా’ కథను రెండు ఆటలుగా తెచ్చినారు. ఇది వేరొక తీరు. ఒకటి ఋతువుల కథ, ఒకటి యుగముల కథ. రెండును నిజముగా వేరువేరు ఆటలు. ఒకటి ముగించినవానికి దొరకు రహస్యపదమును రెండవదానిలో వ్రాసినచో కథ కొనసాగును. అసలు శత్రువు ఆ పిమ్మటనే బయటపడును. మొదట మూడు తలపెట్టి, మూడింటిని ఏ వరుసలో ఆడినను పొసగునట్లు చేయుట దుర్ఘటమై రెండుతో ఆగినారు. రెండు వెలలకు రెండు ఆటలు దొరకినవి గనుక దీనిని ఎవరును తప్పుపట్టలేదు.

2014 జులై 10న వచ్చిన ‘యోకాయ్ వాచ్’ రెండవ ఆట పేర్లలో ఒక చమత్కారము గలదు. ఒక పెట్టె పేరు ‘గన్సో’, రెండవదాని పేరు ‘హోంకె’. జపాను పాత మిఠాయి అంగళ్లలో ‘ఈ సరుకును మొట్టమొదట చేసినది మేమే’ అని ఒకరు గన్సో పలక కట్టుదురు. ‘అసలు ఇల్లు మాదే’ అని పొరుగువారు హోంకె పలక కట్టుదురు. మన పట్టణములలో ఎదురెదురు హోటళ్లు ‘ఒరిజినల్’, ‘అసలైన ఒరిజినల్’ అని పలకలు పెట్టుకొనుట చూచినవారికి ఈ హాస్యము వేరుగ వివరింపనక్కరలేదు. ఆటలోను రెండు పక్షముల పోరాటమే కథ. అదే సంవత్సరము డిసెంబరులో రెంటిని మించిన మూడవ పెట్టె వచ్చినది.

ఈ మూడవ పెట్టె అలవాటును పోకెమాన్ వారే నేర్పినారు. 1998లో పసుపు, 2000లో స్ఫటికము, 2004లో పచ్చల రత్నము, 2008లో ప్లాటినము అనుచు, జంట వచ్చిన కొంతకాలమునకు మరికొన్ని హంగులతో మూడవది దించిరి. ముందుగా కొన్నవాడు తనది అసంపూర్ణమని అప్పుడు తెలిసికొనును. స్నేహము కొరకు కల్పించిన కొరత ఒకటి, తిరిగి అమ్ముట కొరకు దాచిన మిగులు మరియొకటి. ఈ రెంటిని ఒకే గాట కట్టలేము. మొదటిదానిని మేము సమర్థింతుము. రెండవదానికి మావద్ద సమర్థనము లేదు. 2019లో ‘ఖడ్గము’, ‘డాలు’ అను జంట, 2022 నవంబరులో ‘స్కార్లెట్’, ‘వయొలెట్’ అను జంట వచ్చినప్పుడు కంపెనీవారే రెంటిని ఒక పెట్టెలో పెట్టి జోడుగా అమ్మినారు. ఒకనికే రెండును అమ్ముట ఏ మార్పిడి కొరకో మాకు బోధపడలేదు. స్కార్లెట్, వయొలెట్ మూడు దినములలో కోటి ప్రతులు పోయినవని ప్రకటన వచ్చినది. ఆ లెక్కలో జంటను ఒకే ఆటగా కలిపి చూపుట గమనింపదగినది. పద్దులోకి వచ్చునప్పుడు ఒకటి, అంగడిలో రెండు!

అయినను మార్పునకు అసలు కారణము పెట్టెలు కావు, తీగ మాయమగుట. 2004లో తీగకు బదులు గాలిలో సంకేతములు పంపు పరికరము వచ్చినది. 2006 సెప్టెంబరులో వచ్చిన ‘వజ్రము’, ‘ముత్యము’ జంటతో ఇంటర్నెట్ ద్వారా లోకములోని ఎవరితోనైనను మార్చుకొను సదుపాయము కలిగినది. నాకు ఇది కావలెను, దానికి బదులు ఇది ఇత్తునని ఆటలోనే ఒక ప్రకటన పెట్టి యంత్రము కట్టివేయవచ్చును. తెల్లవారునప్పటికి ఏ దేశపు అపరిచితుడో దానిని పుచ్చుకొని, అడిగినది పెట్టిపోయి ఉండును. పైన చెప్పిన ఏకాకి బాలునికి ఇది వరమైనది. వాని పట్టిక నిండినది. ఎవరితోను ఒక్క మాట ఆడకుండ నిండినది. అపరిచితుని పేరు తెరమీద కనబడును, అంతియే. పల్లెలోని పిల్లవానికి మేలు చేసిన ఏర్పాటే పట్టణములోని పిల్లవానిని పొరుగింటికి పోనక్కరలేనివానినిగా చేసినది. ఇందులో లాభమెంత నష్టమెంత అన్నది లెక్కకట్టుట కష్టము గాని, మేము ఏకాకి బాలుని పక్షమే వహింతుము.

ఆ పక్షమున నిలుచువారికి ఒక చిక్కు గలదు. కంపెనీ నడపినన్నాళ్లే ఆ సదుపాయము. వజ్రము, ముత్యముల ఇంటర్నెట్ మార్పిడి 2014 మే నెలలో నిలిచిపోయినది. దాని తరువాతి యంత్రమైన త్రీడీఎస్ కొరకు ఏర్పరచినది 2024 ఏప్రిల్‌లో నిలిచినది. తీగకు అట్టి గడువు లేదు. ఎరుపు ఒకటి, పచ్చ ఒకటి, పనిచేయు రెండు పాత గేమ్‌బాయ్‌లు, నడుమ ఒక తీగ ఉన్నచో ఈనాడును ఆ పురుగు ఈ యంత్రము నుండి ఆ యంత్రములోనికి పోవును. కార్ట్రిడ్జిలోని చిన్న బ్యాటరీ ఒక్కటే భయము. అది అయిపోయినచో దాచినదంతయు పోవును. ముప్పదేండ్ల నాటి కార్ట్రిడ్జిలు ఇంట నున్నవారు వానిని విప్పించి క్రొత్త బ్యాటరీ వేయించుకొనుచున్నారు. పాతది తీయుటకు ముందు అందులోని జీవులను తీగవెంట మరియొక కార్ట్రిడ్జికి పంపి, పని అయిన పిమ్మట తిరిగి రప్పించుకొనువారు కలరు. అందుకును రెండవ పెట్టె ఉన్నవాడు ఒకడు కావలసియే యున్నది.